మా మరదలు వాయిదా వేసిన మరమ్మతు

మా తమ్ముడి భార్యకు మా ఇంట్లో తాళాల పిల్ల అని పేరు. పెట్టింది మా తమ్ముడే. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగంలో ఆమె ఉద్యోగం. ఏం పనమ్మా అని అడిగితే, ఎవరికి ఏ తలుపు తెరుచుకోవాలో ఏది తెరుచుకోకూడదో చూడటమే బావగారూ అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అంతటితో వదిలేస్తే నేను బడిపంతుల్ని ఎలా అవుతాను? వెనకాలే వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఉల్లిపాయలు తరుగుతూనే పాఠం చెప్పింది. నా జీవితంలో అంత కళ్ళనీళ్ళతో విన్న పాఠం ఇంకోటి లేదు.

ఆమె చెప్పింది మీకూ చెబుతాను, ఇది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. చుట్టుపక్కల చిన్న చిన్న స్కానింగ్ క్లినిక్కుల వాళ్ళు తమ దగ్గర తీసిన స్కాన్ బొమ్మలు ఈ ఆసుపత్రికి పంపుతారు. అవన్నీ ఒక సర్వరులోకి వచ్చి పడతాయి. ఫైళ్ళు అందుకోవడం, అందించడం, అంతే దాని పని. అందులో ఒక్కో క్లినిక్కుకు ఒక్కో గది ఉంటుందనుకోండి. ఎవరి గదిలో వాళ్ళు పెట్టుకోవచ్చు, తీసుకోవచ్చు. పక్క గదిలోకి తొంగి చూడటానికి లేదు. అన్ని గదుల్లోకీ వెళ్ళగలిగేది నిర్వాహకుడి ఖాతా ఒక్కటే. అది మా మరదలి చేతిలో ఉండేది.

అదే సర్వరు మీదుగా ఇంకో రాకపోక కూడా ఉంది. ఆసుపత్రి పై అంతస్తులో ఫిజిసిస్టు అని ఒకాయన కూర్చుంటాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు ఉంటాడు గానీ మరిచిపోయే రకం కాదు. రోగి ఒంట్లో గడ్డ ఎక్కడుంది, కిరణం ఏ వైపు నుంచి ఎంతసేపు తగలాలి, పక్కనున్న మంచి భాగాన్ని ఎలా తప్పించాలి అని లెక్క కట్టేది ఆయనే. ఆ లెక్కను ప్లాను అంటారు. ఆ ప్లాను సర్వరులోకి వెళ్ళి, అక్కడి నుంచి కింద కిరణాల మెషీను గదికి చేరుతుంది. మెషీను దాన్ని చదువుకుని ఆ ప్రకారం పని చేస్తుంది.

ఇక మా తమ్ముడు. బస్ స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎప్పుడు బయలుదేరుతుందో చెప్పడం వాడి పని. గొంతంటే మామూలు గొంతు కాదు, నిద్రపోతున్నవాడు సంచీతో సహా లేచి నిలబడే గొంతు. ఇంట్లోనూ అదే వరస. నేను స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే చాలు, "అన్నయ్యగారి సర్వీసు సాంకేతిక కారణాల వల్ల ఆలస్యంగా నడుస్తోంది, ప్రయాణికులు తువ్వాళ్ళతో సహకరించగలరు" అని వసారాలోంచి ప్రకటన వినిపించేది. పిల్లలు లేరు వాళ్ళకి. నాకు భార్య పోయాక ఆ ఇద్దరే నన్ను తెచ్చి వాళ్ళింట్లో పెట్టుకున్నారు. ఆ ఇల్లు అలా మోగుతూ ఉండేది.

వాడి గొంతు గరగరలాడటం మొదలైనప్పుడు స్టేషన్ వాళ్ళు మైకు చెడిపోయిందనుకున్నారు. కొత్తది పెట్టారు. అయినా అదే గరగర. స్పీకర్లు మార్చారు, వైర్లు మార్చారు. ఆఖరికి ఎలక్ట్రీషియను వచ్చి, సార్, అన్నీ బాగానే ఉన్నాయి, ఒకసారి మీరు చూపించుకోండి అన్నాడు. ఆ మాట మేం చాలా రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం. తర్వాత నవ్వడం మానేశాం. గొంతులో గడ్డ. ముదరలేదు, కిరణాలతో పోయే అవకాశం బాగా ఉంది, గొంతు కూడా దక్కొచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. అయితే ఒక షరతు పెట్టింది. రోజూ రావాలి, మధ్యలో ఆపకూడదు, ఖాళీ దొరికితే ఆ రోగం మళ్ళీ పుంజుకుంటుంది అంది. మావాడు వెంటనే, "అంటే నాన్‌స్టాప్ సర్వీసన్నమాట, మధ్యలో టీకి కూడా ఆపరా" అన్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. మరదలు కూడా నవ్వలేదు. నాన్‌స్టాప్ అనే మాట ఆమె చెవిలో అలాగే ఉండిపోయిందని నాకిప్పుడు అనిపిస్తోంది.

రోజూ వాణ్ణి తీసుకెళ్ళేది నేనే. రిటైరైనవాణ్ణి, ఇంకేం పని. ముఖం కదలకుండా ఉండటానికి వాడికో మాస్కు తయారు చేశారు. ప్లాస్టిక్ రేకును వేడినీళ్ళలో మెత్తబెట్టి ముఖం మీద పరిచి నొక్కితే, చల్లారాక అచ్చం వాడి ముక్కు, వాడి గడ్డం. ఒళ్ళంతా చిల్లులు, జల్లెడలాగా. దాన్ని ముఖానికి తొడిగి బల్లకు బిగించేస్తారు. అది చూసి వాడు, "పిండి జల్లించడానికి పనికొస్తానన్నయ్యా ఇక మీదట" అన్నాడు. వంతు కోసం కూర్చునే హాల్లో వాడి పక్కన ఎప్పుడూ ఒక మామ్మ ఉండేది, ఆమెకు నాలుక మీద గడ్డ. బట్టల దుకాణం గుమాస్తా ఒకడు, ఇంకో ఇద్దరు ముగ్గురు. వాళ్ళందరికీ వాడే మైకు. ఉన్న కాస్త గొంతుతోనే మామ్మగారి బస్సు ప్లాట్‌ఫారం మీదకి వచ్చిందని చెప్పేవాడు, ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నవ్వితే నొప్పి మరి.

మధ్యలో వాడికి జ్వరం వచ్చి ఒక పూట తప్పింది. డాక్టరమ్మ చిరాకు పడింది, ఇంకోసారి తప్పకూడదని గట్టిగా చెప్పింది. సరిగ్గా ఆ వారమే మరదలికి ఆ నోటీసు వచ్చింది.

సర్వరు సాఫ్ట్‌వేరు తయారుచేసిన కంపెనీ నుంచి అది. మా దాంట్లో ఒక లోపం బయటపడింది, లోపల చిన్న గది ఉన్నవాడెవడైనా దాన్ని వాడుకుని నిర్వాహకుడైపోవచ్చు, వెంటనే మరమ్మతు వేసుకోండి అని. రాత్రి భోజనాల దగ్గర ఆమె చెబుతుంటే నాకు బోధపడలేదు. చిన్న గది ఉన్నవాడు మొత్తానికి యజమాని ఎలా అవుతాడమ్మా అన్నాను. సర్వరులో లోపల పనులు చక్కబెట్టే ప్రోగ్రామొకటి ఉంటుందట. అన్ని గదుల తాళాలూ దాని దగ్గరే ఉంటాయి. గదుల్లో ఎవరేం వదిలినా తీసుకెళ్ళి చేర్చాల్సిన చోట చేరుస్తుంది. ఎవరైనా తెలివిగా ఒక ఫైలు తయారుచేసి తన గదిలో పెడితే, అది వెనకా ముందూ చూడకుండా వాడి పేరు నిర్వాహకుల్లో రాసేస్తుంది.

నాకు మా బడి అటెండరు గుర్తొచ్చాడు. అన్ని తాళాలూ వాడి మొలకే. ఆఫీసు బల్ల మీద చీటీ కనిపిస్తే చాలు, రాసింది హెడ్మాస్టరా ఆరో తరగతి పిల్లాడా అని చూడకుండా అందులో ఉన్నది చేసేసేవాడు. ఒకసారి మధ్యాహ్నానికే ఇంటి గంట కొట్టేశాడు, నాలుగు వందల మంది పిల్లలు వీధిలో. ఇది చెబితే మరదలు నవ్వి, "అచ్చం అదే బావగారూ. అటెండరు మంచివాడే, చీటీ ఎవరిదో చూడటం రాదంతే" అంది. మరమ్మతు అంటే ఆ చూడటం నేర్పడమేనట.

నేర్పెయ్యొచ్చుగా మరి? ఇక్కడే ఉంది చిక్కంతా. మరమ్మతు వేయాలంటే సర్వరు ఆపాలి. మెషీనుకు వెళ్ళే దారిలో ఏ చిన్న మార్పు చేసినా, ఫిజిసిస్టు ఒక ప్లాస్టిక్ బొమ్మను మనిషికి బదులు బల్ల మీద పడుకోబెట్టి, దారంతా మొదటి నుంచీ పరీక్షించాలి. అది ముగిసేదాకా మనిషిని పడుకోబెట్టకూడదు. ఆ ఆసుపత్రిలో పెద్దా చిన్నా అందరూ పాటించే నియమం అది, మంచి నియమం కూడా. దానికి ఒక పని రోజు పూర్తిగా పోతుంది. సెలవు రోజు చేసుకోవచ్చుగా అని మీరంటారు, నేనూ అన్నాను. సెలవు రోజున మెషీనును దాని కంపెనీ ఇంజనీర్లు విప్పి పెట్టుకుంటారట.

ఫిజిసిస్టు ఆమెను ఎప్పుడు పెట్టుకుందాం అని అడిగాడు. ఆ రోజు ఖాయం చేసే అధికారం ఆమెదే. ఇప్పుడు నడుస్తున్న వాళ్ళు కొంతమంది అయిపోనివ్వండి సార్, తర్వాత పెట్టుకుందాం అంది. ఆ నడుస్తున్న వాళ్ళలో ఎవరున్నారో ఆయనకూ తెలుసు. కాసేపు ఆమె వైపు చూసి, మీ ఇష్టం అన్నాడు. ఇదంతా ఆమే నాకు తర్వాత చెప్పింది.

ఆమె తనకు తాను చెప్పుకున్న సమాధానం కూడా చెప్పింది. ఆ లోపం బయటివాడికి పనికిరాదు. ముందు లోపల ఒక గది ఉండాలి. గదులున్న వాళ్ళందరూ మనకు తెలిసిన క్లినిక్కులే. వాళ్ళలో ఎవరు చేస్తారు ఇలాంటి పని? తన పనిలో ఉన్నవాళ్ళు ఇలాంటి లోపాన్ని ఎప్పుడూ రెండో వరసలోనే పెడతారట, బయటి తలుపు బద్దలయ్యే లోపాల తర్వాత. మొగుడికి ఇంకా ఎన్నో పూటలు లేవు. ఆయన ఆఖరి పూట అయిన మర్నాడే ఆపేద్దాం అనుకుంది.

ఆ లోపే దొంగ పడ్డాడు, ఒక చిన్న క్లినిక్కు గదిలోంచి. వాళ్ళ పాస్‌వర్డు ఎలా పోయిందో వాళ్ళకే తెలియదు. ఆ పాస్‌వర్డుతో దొంగకు దొరకాల్సింది ఒక్క గది. నాలుగు మోకాళ్ళ బొమ్మలు, రెండు వెన్నెముకల బొమ్మలు చూసుకుని విసుగేసి పోయేవాడు. వాడు చీటీ రాసి పెట్టాడు. అటెండరు చదివాడు.

ఆ పొద్దున మేం హాల్లో ఉన్నాం. మావాణ్ణి లోపలికి పిలిచి పడుకోబెట్టి మాస్కు బిగించారు. కాసేపటికి తలుపు తీసుకుని టెక్నీషియన్ అమ్మాయి బయటికి పరుగెత్తింది. లోపల స్పీకర్లో ఎవరో కదలకండి, కదలకండి అంటున్నారు. చివరికి మాస్కు విప్పి వాణ్ణి లేపేశారు. ముఖం మీద చిల్లుల అచ్చులతో బయటికొచ్చి, ప్లాను రావడం లేదటన్నయ్యా అన్నాడు. వాడి వెనకాలే మామ్మ వంతు. ఆమె అప్పటికే చేతిసంచీ పక్కవాళ్ళకిచ్చి లేచి నిలబడింది, ఎంతసేపటికీ కూర్చోలేదు.

కింద కిటికీలు లేని గదిలో మా మరదలు తన ఖాతా తెరవబోతే, ఈ సర్వరులోకి రావడానికి మీకు అనుమతి లేదు అని తెర మీద వచ్చింది. తాళాల పిల్లకు తలుపు తెరుచుకోలేదు. ప్లానులన్నీ తాళాలు పడిపోయి ఉన్నాయి. నకళ్ళు వేరే చోట దాచేవాళ్ళు, అక్కడికి వెళ్ళే అనుమతి కూడా నిర్వాహకుడిదే కాబట్టి దొంగలు వాటిని ముందే చెరిపేశారు. డబ్బిస్తే తాళాలు తీస్తామని దొంగలు కబురు పెట్టారు. యాజమాన్యం ఇవ్వనంది. ఇచ్చినా లాభం లేదని ఫిజిసిస్టు మా అందరి ముందే, హాల్లోకి వచ్చి చెప్పాడు.

"మెషీనుకి ఏమీ కాలేదండీ. కానీ వాళ్ళు లోపల ఏం ముట్టుకున్నారో మాకు తెలీదు. వెనక్కి వచ్చినా ఆ ప్లానుల్ని నేను నమ్మలేను. నమ్మకుండా మిమ్మల్ని పడుకోబెట్టలేను."

అంటే అందరికీ మళ్ళీ స్కాను, మళ్ళీ లెక్క, మళ్ళీ పరీక్ష, ఒక్కొక్కరికీ. మావాణ్ణి వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సగంలో ఉన్న రోగిని వాళ్ళు తీసుకోరట, మొదటి సగం ఎలా తగిలిందో కాగితాలు లేకుండా అసలు తీసుకోరట. ఆ కాగితాలూ సర్వరులోనే ఉన్నాయి.

డైరెక్టరు గదిలో పెద్ద సమావేశం జరిగింది. ఈ లోపం గురించి ముందే ఎవరికైనా తెలుసా అని అడిగారు. ఎవరూ ఆమె వైపు చూడలేదు. నోరు విప్పకపోతే గడిచిపోయేదే, తప్పు సాఫ్ట్‌వేరు కంపెనీ మీదకి వెళ్ళిపోయేది. "నోటీసు వచ్చింది సార్. మరమ్మతు ఆపింది నేనే. మా ఆయన వరసలో ఉన్నారు" అని చెప్పేసింది. ఫిజిసిస్టు వెంటనే, "నేనూ సరే అన్నాను సార్" అని అందుకున్నాడట. తీసేయలేదు ఆమెను. కాలిపోయిన ఇల్లులా ఉన్న దాన్ని మళ్ళీ కట్టాలంటే ఆమె ఉండాలి. తర్వాత చూద్దాం అన్నారు. తర్వాత ఎవరూ చూడలేదు. తిట్టి తీసేసి ఉంటే బాగుండేది బావగారూ అని నాతో ఒకసారి అంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం పక్కన కూర్చుని మొగుడికి అంతా చెప్పింది. నేను గుమ్మంలో నిలబడ్డాను, వెళ్ళిపోవాలని తెలుసు, వెళ్ళలేదు.

"ఒక్కరోజు మెషీను ఆపి ఉంటే సరిపోయేదండీ. ఆ ఒక్కరోజు మీకు పోకూడదని ఆపలేదు."

వాడి జోకు ఏదో వస్తుందని ఎదురుచూశాను, సిగ్గు లేకుండా. అప్పటికి వాడి గొంతు గాలిలాగా ఉండేది, దగ్గరికి వంగితేనే వినబడేది.

"మరి మామ్మ?"

మిగతావాళ్ళందరికీ కూడా నాకోసమే ఆపలేదని చెప్పావా అని అడిగాడు. చెప్పలేదంది. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కోపమో, అలసటో, ఆమెకు తన ముఖం కనిపించకుండానో, నేను చెప్పలేను. వాళ్ళ కాపురంలో వాడు ఏమీ అనకుండా అటు తిరిగిన రోజు అదొక్కటే అనుకుంటాను.

గొంతు రోగుల్ని ముందు వరసలో పెట్టారు. అయినా వారాలు పట్టింది. ఆ వారాల్లో ఆమె ఇంటికి బట్టలు మార్చుకోవడానికి మాత్రం వచ్చేది. వాడు చిక్కిపోయాడు. పిలుపు వచ్చి వెళ్ళేసరికి పాత మాస్కు ముఖానికి వదులైపోయింది, లోపల ముఖం కదులుతోంది. మళ్ళీ వేడినీళ్ళు, మళ్ళీ రేకు, మళ్ళీ కొత్త లెక్క. ఇంకొన్ని రోజులు. కొత్త మాస్కులో వాడి ముక్కు నాకు మా నాన్న ముక్కులా కనిపించింది. హాల్లో మామ్మ కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె తిరిగి రాలేదు. ఎందుకు రాలేదో కౌంటరు దగ్గర అడిగితే చూసి చెబుతామన్నారు, మేం మళ్ళీ అడగలేదు.

పూటలన్నీ పూర్తి చేశాడు. పూర్తయ్యాక తగ్గినట్టే తగ్గి, మళ్ళీ లేచింది. ఈసారి గొంతు తీసేయాల్సి వచ్చింది. మెడలో కన్నం పెట్టి దాంతో ఊపిరి. ఏదైనా కావాలంటే మంచం పక్కనున్న స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేవాడు. పిలుపుకు ఒక రకం, నీళ్ళకు ఒక రకం, నేను ఎక్కువ వాగుతున్నానని చెప్పడానికి ఇంకో రకం. ఆ మూడోదే ఎక్కువ వినిపించేది. చివర్లో అది కూడా ఆగిపోయింది.

వాడు పోయే ముందు ఒకరోజు మరదలు డాక్టరమ్మను నిలదీసింది, ఆ మధ్యలో ఆగినందువల్లేనా అని. ఆమె మంచి మనిషి, అబద్ధం చెప్పలేదు. అందువల్లే అని చెప్పలేనమ్మా, కాదు అని కూడా చెప్పలేను అంది. ఏదో ఒకటి చెప్పి ఉంటే మా మరదలు ఏడ్చేదో, కుదుటపడేదో. ఇప్పుడు ఆ రెండింటి మధ్య ఉంది.

వాడు పోయిన కొన్ని నెలలకు ఫిజిసిస్టు నాకు ఫోన్ చేశాడు. మీ తమ్ముడి మాస్కు ఇక్కడే ఉండిపోయింది, ఆమెకు ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు, వచ్చి తీసుకెళ్తారా అని. వెళ్ళాను. గుడ్డసంచీలో పెట్టి ఇచ్చాడు. బరువేమీ లేదు. ఆయన కంగారుగా ఉన్నాడు, ఈరోజు మెషీను ఆపుతున్నామండీ అన్నాడు. ముందు రోజు సాయంత్రం ఇంకో నోటీసు వచ్చిందట, మళ్ళీ అలాంటి లోపమే, సర్వరులో వేరే మూల. పొద్దున్నే మరదలు అన్నీ ఆపేసింది.

ఆ సంగతి రోగులకు చెప్పడానికి కౌంటరు అమ్మాయి ఉంది. మరదలు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి తనే హాల్లోకి వచ్చింది. అందరి మధ్యలో నిలబడి, ఈరోజు కిరణాలు ఉండవు, రేపు పొద్దున రావాలి అని చెప్పింది. గొంతు పెద్దది కాదు ఆమెది, వెనకవాళ్ళకు వినపడక రెండోసారి చెప్పింది. నేను స్తంభం పక్కన సంచీతో నిలబడ్డాను.

ముందు వరసలోంచి ఒకాయన లేచాడు. పక్కన భార్య, తలకు గుడ్డ, ఒళ్ళో మడిచిన దుప్పటి. చాలా దూరం నుంచి రోజూ వస్తున్నాం, మధ్యలో ఆపకూడదని మీ డాక్టరే చెప్పింది, ఇప్పుడు మీరు ఆపేస్తామంటారా అని మొదలుపెట్టాడు. ఆమె వింటూ నిలబడింది. అటూ ఇటూ చూడలేదు.

"మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చి ఉంటే తెలిసేదమ్మా మీకు" అన్నాడు.

నా చేతిలో సంచీ. ఒక్క మాట చెబితే ఆ మనిషి అక్కడే కూలబడేవాడు. నోరు తెరిచాను కూడా. మరదలు నన్నప్పుడే చూసింది. చూసి, తల అడ్డంగా ఊపింది, కొంచెమే.

"రేపు పొద్దున మొదటి వంతు మీదేనండీ. నేనే ఇక్కడుంటాను, వచ్చి నన్ను పిలవండి" అంది ఆయనతో.

ఆయన ఇంకేదో గొణుగుతూ దుప్పటి తీసుకుని భార్యకు చేయి అందించాడు. హాలు నెమ్మదిగా ఖాళీ అయింది. అందరూ వెళ్ళాక ఆమె నా దగ్గరికి వచ్చి సంచీ మీద చేయి వేసింది. లోపల ఏముందో గుడ్డ పైనుంచే తెలిసిపోయింది, ముక్కు దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఇంటికి తీసుకెళ్ళి దాచేయకండి బావగారూ. నేను పనికి బయల్దేరేటప్పుడు కనిపించేలా పెట్టండి" అంది.

పై నుంచి ఫిజిసిస్టు ప్లాస్టిక్ బొమ్మను చక్రాల బండి మీద తోసుకుంటూ లిఫ్టులోంచి బయటికి వచ్చాడు. ఆమె వెళ్ళి మెషీను గది తలుపు తెరిచి పట్టుకుంది.